పేరాలవారీగా జవాబు

ఆ మనిషి మా కొట్లో పన్నెండు నిమిషాలు కూర్చున్నాడు. లెక్క నాది కాదు, అతనిదే. లోపలికి ఎప్పుడొచ్చాడో, బయటికి ఎప్పుడెళ్ళాడో తర్వాత వచ్చిన నోటీసులో రాశారు. వాళ్ళావిడకి జాకెట్టు కుట్టించాలని, లైనింగుతో అయితే ఎంత, లేకపోతే ఎంత అని అడిగాడు. మే నెల ఎండలో పడి వచ్చాడు కదా అని ఫ్యాను అతని వైపు తిప్పి మంచినీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు పక్కనే ఫోను బోర్లా పెట్టి, మెడ డిజైన్ల పుస్తకం తిరగేశాడు. ఆ ఫోను మా కొట్లో మోగుతున్న పాటల్ని రికార్డు చేస్తోందని నాకేం తెలుసు. మళ్ళీ వస్తానని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. ఆ మంచినీళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మాది ఢిల్లీలోని మయూర్ విహార్‌లో డీడీఏ ఫ్లాట్ల మధ్య చిన్న మార్కెట్‌లో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే కొట్టు. అటు మందుల షాపు, ఇటు స్టేషనరీ షాపు, మధ్యలో ఇరుక్కుని మేము. రెండు కుట్టు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, చీరలకి పీకో చేసే మిషన్ ఒకటి పెట్టాక మిగిలిన చోటులో మనిషి పక్కకి తిరిగి నడవాలి. కటింగ్ అంతా బరేలీ నుంచి వచ్చిన మాస్టర్జీది. హుక్కులు, కాజాలు, ఫాల్ కుట్టడం విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకావిడది. వాళ్ళాయన నోయిడాలో అపార్ట్‌మెంట్లు కట్టే పనిలో ఉన్నాడు. కొలతలు తీసుకోవడం, మాస్టర్జీతో పాటు మిషన్ కుట్టడం, చెప్పిన రోజుకి ఇవ్వనందుకు తిట్లు తినడం నా పని. నాలుగో మనిషి మా మామగారు.

ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. కాకినాడ దగ్గర పుట్టి, కుర్రతనంలో ఢిల్లీ వచ్చి, ఉద్యోగమంతా వచ్చిన కాగితానికి జవాబు రాయడంలోనే గడిపారు. తన బల్ల మీదకి వచ్చిన ఉత్తరాన్ని జవాబివ్వకుండా ఏనాడూ పక్కన పడేయలేదని అత్తయ్య సగం గర్వంగా, సగం విసుగ్గా చెప్పేది. ఆవిడ పోయాక ఆయన ఉన్నచోట ఆగిపోయారు. గడ్డం గీసుకోవడం మానేశారు. మధ్యాహ్నం దాకా అదే లుంగీ, అదే మంచం. టీవీ పెడితే టీవీ చూసేవారు, తీసేస్తే గోడ చూసేవారు. ఏమడిగినా "ఊఁ" అనేవారు. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయారు. గిన్నె మాడి వంటిల్లంతా పొగ కమ్మినా, పక్క గదిలోంచి కదలకుండా కూర్చున్నారు. ఆ మర్నాటి నుంచి నాతోపాటు కొట్టుకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ప్రేమతో తీసుకెళ్ళానని చెప్పుకోను. భయపడి తీసుకెళ్ళాను.

కొట్లో ఆయనకి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాను. మొదటి వారం అక్కడా గోడే చూశారు. తర్వాత మాస్టర్జీకీ కాజాలావిడకీ పాటల మీద గొడవొచ్చింది. అప్పట్లో నా ఫోన్‌లోనే పాటలు పెట్టేవాళ్ళం. అతనికి పాత హిందీ పాటలు కావాలి, ఈవిడకి తెలుగు పాటలు కావాలి. రోజూ ఇదే పేచీ. ఓ పూట మామగారు ఉన్నట్టుండి గొంతు సవరించుకుని, "ఇద్దరూ మీ మీ అభ్యర్థనలు చెప్పండి" అన్నారు. నేను చేతిలో కత్తెర ఆపి చూశాను. అత్తయ్య పోయాక ఆయన నోట అంత పెద్ద వాక్యం వినడం అదే మొదటిసారి.

ఇద్దరి వాదనా విడివిడిగా విన్నారు. మర్నాడు ఇంటి దగ్గరే గీతల కాగితం మీద స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఒక టైంటేబుల్ తయారుచేసి తెచ్చి గోడకి గుచ్చారు. పదకొండు నుంచి పన్నెండు తెలుగు, పన్నెండు నుంచి ఒంటిగంట హిందీ, భోజనాలప్పుడు పాటలుండవు, శుక్రవారం మొదటి అరగంట భక్తి పాటలు, కస్టమర్లు అడిగే పాటలు వీలునుబట్టి. కింద సంతకం, తేదీ. ఆ వారంలోనే తన పింఛను డబ్బుతో ఒక స్పీకరు కొన్నారు. మా ఆయన చేత ఫోన్‌లో పాటల యాప్ వేయించుకుని నేర్చుకున్నారు. ఆయనకి రెండు చెవులకీ వినికిడి మిషన్లున్నాయి. అందుకని స్పీకర్ని తన కుర్చీ పక్క అరలో, భుజం ఎత్తులో పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి మనిషి మారిపోయారు. పొద్దున్నే గడ్డం గీసుకునేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. నేను ఇంకా కుక్కరు కడుగుతుంటే గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి, "అమ్మాయ్, డ్యూటీకి టైమైంది" అనేవారు. మాస్టర్జీకి తెలుగు ముక్క రాదు. అయినా ఆరు నెలలు తిరిగేసరికి కత్తెర ఆడిస్తూ తెలుగు చరణాలు తప్పుల్లేకుండా కూనిరాగం తీసేవాడు. కాజాలావిడ గొంతెత్తి పాడేది. హిందీ గంటలో ఆవిడ గొణుగుతుంటే మామగారు గోడ మీది కాగితం వైపు వేలు చూపించేవారు. నలుగురం నవ్వుకునేవాళ్ళం. ఆ టైంటేబుల్ చూసి నవ్వని కస్టమర్ లేదు. ఫోటో తీసుకున్నవాళ్ళూ ఉన్నారు.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. పాటల హక్కులు తమ దగ్గరున్నాయని చెప్పే ఒక సంస్థ నుంచి. మీ దుకాణంలో మూడు నెలలుగా మా పాటలు బహిరంగంగా వినిపిస్తున్నారు, ఫలానా రోజు ఫలానా టైముకి ఈ మూడు పాటలు మోగాయి, లైసెన్స్ లేకుండా ఇలా చేయడం నేరం, వెంటనే లైసెన్స్ తీసుకోండి అని ఇంగ్లీషులో. మూడింట్లో ఒకటి తెలుగు పాట. దాని పేరు గుర్తుపట్టలేనంత వంకరగా రాశారు.

నేను ఆ కాగితం చూసి హడలిపోయాను. మామగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి, "చాలా రోజులకి పనికొచ్చే కాగితం ఒకటి వచ్చింది" అన్నారు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి నేను నోరు మెదపలేదు. అక్కడే నా మొదటి తప్పు.

మార్కెట్‌లో అందరికీ అలాంటి ఉత్తరాలు వచ్చాయి. స్టేషనరీ షాపు అంకుల్ నా చేతిలో కవరు చూడగానే, "భాభీజీ, ఫాడ్ దో, చింపేయండి. ఎవరైనా వచ్చి అడిగితే పాటా? ఏ పాట? అది పక్క షాపులోంచి వస్తోందని చెప్పండి" అన్నాడు. మందుల షాపాయన అప్పటికే రెండు చింపేశాడట. ఈ మాట మామగారికి చెప్పాను.

"సంతకం పెట్టి పంపించారమ్మా," అన్నారు. "చింపేస్తే మనమే దొంగలమని ఒప్పుకున్నట్టు. జవాబు రాద్దాం. పేరాలవారీగా."

మూడు రోజులు రాశారు. కొట్టివేతలు, దిద్దుబాట్లు, మళ్ళీ శుభ్రమైన ప్రతి. టైపు చేయించడానికి నన్ను లక్ష్మీ నగర్ తీసుకెళ్ళమన్నారు. కోచింగ్ సెంటర్ల పిల్లలు నోట్సులు టైపు చేయించుకునే ఇరుకు షాపులో, ఆ పిల్లల వెనక వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కామాలతో సహా చెప్పి చేయించారు. టైపు చేసేవాడు ఆయన్ని మాస్టారనుకుని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కొట్టు యజమానిని నేను కాబట్టి సంతకం నాదే కావాలి. ఆ పూట ఒక పెళ్ళికూతురి తల్లి చేతులు బిగుతయ్యాయని నా ప్రాణం తీస్తోంది. చదవకుండా సంతకం పెట్టేశాను. ఆయన దాన్ని స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఫైల్లో పెట్టుకున్నారు.

నేను చదివింది నెల తర్వాత, వకీలు నోటీసు వచ్చినప్పుడు. ఆ నోటీసు నిండా మా ఉత్తరమే. మామగారు ఏం రాశారంటే: పేరా రెండు, మా కొట్లో పాటలు పెట్టే మాట వాస్తవమే. పేరా మూడు, మూడు నెలలుగా అని తమరు రాసింది సరికాదు, రెండేళ్ళ కిందటి విజయదశమి నుంచి పెడుతున్నాం, రికార్డులో ఈ మేరకు సవరించుకోగలరు. పేరా నాలుగు, తమరు ఉదహరించిన తెలుగు పాట పేరూ సినిమా పేరూ రెండూ తప్పు, సరైనవి ఇవి. పేరా ఐదు, పాటల వేళల పట్టిక నకలు అనుబంధం-ఎ గా జతపరచడమైనది. పేరా ఆరు, నిబంధనల ప్రతి పంపితే పాటించడానికి సిద్ధం.

వాళ్ళకి రెండేళ్ళ సంగతి తెలియదు. మేమే చెప్పాం. రోజుకి ఎన్ని గంటలో తెలియదు. గళ్ళు గీసి మరీ పంపాం. మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు కాబట్టి మొత్తం కాలానికీ రుసుమూ నష్టపరిహారమూ కట్టాలి, లేకపోతే కోర్టు అని వకీలు రాశాడు. ప్రభుత్వంలో రెండు శాఖలు ఒకదానికొకటి నిజాలు రాసుకుంటే ఫైలు ముందుకు కదులుతుందన్న నమ్మకంతో బతికిన మనిషి, ఒక వసూళ్ళ కంపెనీకి కూడా అదే మర్యాద చేశారు. అవతలివాడి లెక్కలో తప్పుంటే, అది తనకి చేటు చేసేదైనా సరే, దిద్ది పంపించారు.

ఇదంతా ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఆ రోజు నాకు ఇంత జ్ఞానం లేదు. నోటీసు చేతిలో పట్టుకుని, ఇద్దరు కస్టమర్లు చూస్తుండగా, మాస్టర్జీ, కాజాలావిడ వింటుండగా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని? నలభై ఏళ్ళు ఆఫీసులో రాసింది చాలలేదా? మీ సరదాకి నా కొట్టు మూయించేస్తారా? ఇంట్లో ఉంటే పాలు మాడుస్తారు, ఇక్కడుంటే ఇదీ!"

ఆయన లేచి నిలబడ్డారు. ఎదురు చెప్పడానికి కాదు. పైఅధికారి తిడుతున్నప్పుడు కూర్చుని వినకూడదు కాబట్టి నిలబడ్డారు. చెవి మిషన్లు తీసేసుకోవచ్చు, బొత్తాం నొక్కి ఆపేసుకోవచ్చు. ఏదీ చేయలేదు. చివరి మాట దాకా విన్నారు. తర్వాత స్పీకరు ఆపేశారు. గోడ దగ్గరికెళ్ళి టైంటేబుల్ తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. గుచ్చిన గుండుసూదులు నాలుగూ నా డబ్బాలో వేశారు. మాస్టర్జీ నా వైపు చూడకుండా గుడ్డ మీద చాక్‌తో గీతలు గీస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆయన విషయం విని, "నాన్నతో అంత మాటెందుకన్నావు" అని, ఒక ఉపాయం చెప్పారు. ఆయన పనిచేసేది సాకేత్‌లో ఒక కంపెనీలో. "మా ఫ్లోర్‌లో అందరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి పాటలు వాళ్ళు వింటారు. ఎవడూ ఏమీ అడగడు. మీరూ అలా చేయండి. సింపుల్."

సింపులే. మాస్టర్జీ చెవుల్లో తీగలు పెట్టుకున్నాడు. కాజాలావిడ కూడా ఒక చెవిలో పెట్టుకుని, పాటలు మానేసి పొద్దస్తమానం వాళ్ళ చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడేది. నేను మూడుసార్లు పిలిస్తే గానీ మాస్టర్జీ తలెత్తడు. చేతుల పొడుగు చెబుతుంటే వినపడక ఒక పట్టు జాకెట్టుకి పొట్టి చేతులు కత్తిరించాడు. "సారీ దీదీ, సునాయీ నహీఁ దియా" అన్నాడు. ఎవరి చెవుల్లో వాళ్ళు పెట్టుకుంటే అది సొంతానికి వినడం. అదే పాట ఒక పెట్టెలోంచి నలుగురికీ వినపడితే బహిరంగ ప్రదర్శన. ఒక్క గదిలో మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని కుట్టుకునే మేము వాళ్ళ చట్టంలో పబ్లిక్. నాకు అన్నిటికంటే కంపరం పుట్టించిన మాట ఇదే.

చెవి మిషన్లున్న మనిషి ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేరు. మామగారు రెండు రోజులు ఆ నిశ్శబ్దంలో కూర్చున్నారు. మూడో రోజు గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడలేదు. "ఈవేళ ఒంట్లో బాలేదమ్మా" అన్నారు. నాలుగో రోజు ఆ మాట కూడా అనలేదు. గడ్డం మళ్ళీ పెరిగింది. కొట్టుకి బయల్దేరేముందు గ్యాస్ సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి, ఫ్లాస్కులో కాఫీ పోసి ఆయన మంచం పక్కన పెట్టి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి ఫ్లాస్కు మూత తీసి ఉండేది కాదు. మనిషి మళ్ళీ గోడలోకి వెళ్ళిపోతున్నారు. ఈసారి పంపించింది నేనే.

ఇక ఆగలేక నోటీసూ, మామగారి ఫైలూ పట్టుకుని సాకేత్‌లో ఉన్న ఆ పాటల సంస్థ ఆఫీసుకి వెళ్ళాను. మెట్రోలో అంతసేపూ తిట్టాల్సిన తిట్లన్నీ వరసపెట్టుకున్నాను. అక్కడ నా ఎదుట కూర్చున్నది పాతికేళ్ళ పిల్ల. కాగితం మీద నా ఇంటిపేరు చూసి, "ఆంటీ, ఆప్ తెలుగు హైఁ? మా అమ్మమ్మది రాజమండ్రి" అంది. ఆ ఒక్క ముక్కే తెలుగులో. తర్వాత నేను తెలుగులో తిడుతుంటే అంతా అర్థమవుతున్నట్టు తలూపుతూ హిందీలో జవాబు చెప్పింది.

నా ఇంట్లో పెట్టుకుంటే తప్పు లేదట. పెళ్ళి ఊరేగింపులో మైకులు పెట్టి వీధంతా అదరగొట్టినా పర్లేదట. మా ఫ్లాట్లలో ఉన్నవాళ్ళందరూ వాడుకునే హాలుంటే, అందులో పెట్టుకున్నా చిక్కు లేదట. నా కొట్టు లాంటివి పది పడతాయి ఆ హాల్లో. పోనీ ఇప్పుడు లైసెన్స్ తీసుకుంటే ఇక ఎవరూ రారా అని అడిగాను. రాసిన బాణీకీ మాటలకీ ఒక హక్కు, రికార్డింగుకి ఇంకో హక్కు, అవి వేర్వేరు సంస్థల దగ్గర ఉండొచ్చు, తమ జాబితాలో లేని పాటలకి మరొకరు రావచ్చు అంది. ఏ పాట ఎవరిదో టైలరింగ్ కొట్టుదాన్ని నేనెలా తెలుసుకోవాలి? వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చంది.

"చూడమ్మా," అన్నాను, "నేను చేతిపనితో బతికేదాన్ని. కుట్టించుకుని డబ్బివ్వకపోతే నేనూ ఊరుకోను. పాట రాసినవాళ్ళకి, పాడినవాళ్ళకి రావాల్సింది రావాలి. మా మామగారూ అదే అడిగారు. పేరా ఏడు చదివావా?"

పేరా ఏడు సంగతి వకీలు నోటీసులో లేదు. అందులో మామగారు ఇలా రాశారు: పై తెలుగు పాట రాసినవారు, పాడినవారు ప్రస్తుతం జీవించి ఉన్నారా, లేనిచో వారి వారసులెవరు, మేము కట్టే రుసుములో వారికి ఎంత అందుతుంది, దయచేసి వివరాలు తెలియజేయగలరు. ఫైల్లో ఉన్న మా ఉత్తరం నకలులో నేను మెట్రోలో చదివాను. ఇన్నాళ్ళూ ఆయన పాటల గురించి ఆలోచించారు, నేను నోటీసు గురించే ఆలోచించాను.

ఆ పిల్ల తన ఫైల్లోంచి మా ఉత్తరం తీసింది. పేరా రెండు మీద, పేరా మూడు మీద, అనుబంధం మీద పసుపు రంగు గీతలు. మిగతా కాగితం తెల్లగా ఉంది. పేరా ఏడు దగ్గర కనీసం పెన్ను చుక్క కూడా లేదు.

"వో డీటెయిల్స్ షేర్ నహీఁ కర్‌తే, ఆంటీ," అంది.

"ఆ వివరాలు బయటికి చెప్పకూడదా, మీకే తెలీదా?"

ఆ పిల్ల ఫైలు మూసింది. తర్వాత గొంతు తగ్గించి, జవాబివ్వనివాళ్ళ దగ్గరికి మా మనిషి మహా అయితే ఇంకోసారి వెళ్ళి వదిలేస్తాడు, కాగితం మీద ఒప్పుకున్నవాళ్ళ ఫైలే వకీలు దగ్గరికి వెళ్తుంది అంది. ఆ మాట చెప్పి, నిజంగానే బాధపడుతూ నన్ను అడిగింది. "నానాజీ నే ఇత్‌నా సచ్ క్యోఁ లిఖ్ దియా, ఆంటీ?"

తాతగారు అంత నిజం ఎందుకు రాశారు అని. జవాబు రాసినవాణ్ణి పట్టుకుని, చింపినవాణ్ణి వదిలేసే పద్ధతి ఇది. దీన్ని నడిపేవాళ్ళలో ఎవరూ దుర్మార్గులు కారు. ఆ పిల్ల ఎంతో మర్యాదగా ఉంది, నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చింది. నేను తాగలేదు.

చివరికి ఆ పిల్లే పాత కాలం సంగతి వదిలేసి ఇక మీదటికి లైసెన్స్ తీసుకునేలా ఒప్పందం కుదిర్చింది. కట్టాను. న్యాయమనిపించి కట్టలేదు. మామగారికి మళ్ళీ ఒక డ్యూటీ కావాలి, అందుకు కట్టాను. రంగు సర్టిఫికెట్ వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు వెతుక్కుని ముందు వైపూ వెనక వైపూ చదివారు. వెనకున్న సన్నక్షరాల షరతులు కూడా.

"ఇది ఒక్క సంస్థదే కదమ్మా. ఇంకో ఉత్తరం రావచ్చు."

"వస్తే రానివ్వండి. మీరే జవాబు రాద్దురుగాని," అన్నాను, నవ్వించాలని.

ఆయన తల అడ్డంగా ఊపారు. "నేనింక రాయను. ఇప్పటి వ్యవహారాలు నాకు తెలియవు."

"మామయ్య గారూ, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"నువ్వన్నదాంట్లో తప్పేం లేదమ్మా," అన్నారు. "నేనే పేరా రెండు రాయకుండా ఉండాల్సింది."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అబద్ధం రాయడం చేతకాని మనిషి చేత, నిజం రాయడం తప్పని ఒప్పించాం. వాళ్ళు కాగితంతో మొదలుపెట్టారు, నేను నోటితో పూర్తి చేశాను. నోటీసు పంపినవాళ్ళకి ఆయన ముఖం తెలియదు. నాకు తెలుసు.

మర్నాడు గడ్డం గీసుకుని నాతో వచ్చారు. మాస్టర్జీ లేచి, "ఆయియే బాబూజీ" అని కుర్చీ తుడిచాడు. చెవుల్లోంచి తీగలు తీసి మొలకి చెక్కుకున్నాడు. కాజాలావిడ చెల్లెలి ఫోను పెట్టేసింది. సర్టిఫికెట్‌ని గోడ మీద అందరికీ కనపడేలా నేనే తగిలించాను. మామగారు స్పీకరు ముందు కూర్చుని, ఫోను చేతిలోకి తీసుకున్నారు.

"అమ్మాయ్, ఏ పాట పెట్టమంటావు?" అని అడిగారు.

ఎప్పుడు ఏ పాటో కాగితం మీద రాసి మా చేత పాటింపజేసిన మనిషి. "మీ ఇష్టం మామయ్య గారూ" అన్నాను. కాదు, నువ్వు చెప్పు అన్నారు. చెప్పాను. పెట్టారు. పెట్టి, చప్పుడు బాగా తగ్గించేశారు.

"థోడా తేజ్ కర్ దీజియే, బాబూజీ," అన్నాడు మాస్టర్జీ, కాస్త పెంచమని.

"వద్దులే. బయటికి వినపడుతుంది."

"వినపడనివ్వండి. లైసెన్స్ ఉంది కదా," అని నేను వెళ్ళి పెంచాను. కొలతలు తీసుకోవడానికి అటు తిరగగానే మళ్ళీ తగ్గించేశారు. మధ్యాహ్నం పెంచాను, తగ్గించారు. వారం రోజులు ఇలా జరిగాక ఇక పెంచడం మానేశాను. ఆ కాస్త చప్పుడు కటింగ్ బల్ల దగ్గరున్న మాస్టర్జీకి అందుతుంది, నాకు అందుతుంది, కాజాలావిడ పెదాల్లోనే పాడుకుంటుంది. ఆయన చెవి మిషన్లకి అందదు. రోజూ పదకొండింటికి వచ్చి, ఇస్త్రీ చొక్కాతో ఆ కుర్చీలో కూర్చుని, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి ఉంచుతారు. లోపల అదురు ఆగితే ఆ పాట అయిపోయిందని తెలుసుకుని, ఇంకోటి పెడతారు.